ఏడు పీఎస్‌ఐ అనే తారకమంత్రం

"స్టాక్ ఇంజనేగా? ఆరూ ఏడూ పీఎస్‌ఐ దాకా ఏం కాదు. ఎనిమిది దాటితే అప్పుడు చూసుకోవాలి."

కెనడాలో మా మిస్సిసాగాలో బానెట్ ఎత్తి నలుగురు నిలబడ్డ ప్రతిచోటా ఈ మాట వినపడుతుంది. స్టాక్ అంటే కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉన్న ఇంజన్. స్క్వేర్‌వన్ పార్కింగ్‌లో విన్నాను. డిక్సీ రోడ్డు వెనకాల షెడ్లలో విన్నాను. సంక్రాంతి పాట్‌లక్‌లో పులిహోర ప్లేటు పట్టుకుని చెప్పినవాళ్లనీ చూశాను. ఇంజన్ ఏదో, దానికి ఎన్నేళ్లో, అందులో ఏ పెట్రోలు పోస్తారో చెప్పేవాడు అడగడు. సూపర్‌చార్జరు అదనంగా తోసే గాలి ఒత్తిడిని ఇక్కడ బూస్ట్ అంటారు, పీఎస్‌ఐ దాని కొలత. మన ఊళ్లలో బూస్ట్ అంటే పాలల్లో రెండు చెంచాలు కలుపుకు తాగేది. ఎంత కలిపినా ఒంటికి మంచిదేనన్న ధీమా అక్కడినుంచే వచ్చిందేమో తెలియదు.

ఆ వాదాన్ని దాని బలం తగ్గించకుండా చెబుతాను. సముద్రమట్టం దగ్గర గాలి మన మీద 14.7 పీఎస్‌ఐ ఒత్తిడితో కూర్చుని ఉంటుంది. మామూలు ఇంజన్ ఆ గాలినే పీల్చుకుంటుంది. సూపర్‌చార్జర్ క్రాంక్ నుంచి బెల్టుతో తిరుగుతూ ఇంకాస్త గాలిని లోపలికి తోస్తుంది. ఏడు పీఎస్‌ఐ అంటే ఉన్నదానికి దాదాపు సగం కలిపినట్టు. కార్ల కంపెనీలు ఇంజన్‌ని అవసరానికి మించి గట్టిగానే కడతాయి కాబట్టి ఆ సగాన్ని అది ఓర్చుకుంటుంది. కిట్లు తయారుచేసేవాళ్లు కూడా స్టాక్ ఇంజన్లకు అయిదు నుంచి ఎనిమిది మధ్యే పెట్టి అమ్ముతారు. ఆ అంకెతో ఏళ్లతరబడి నడుస్తున్న కార్లు ఎన్నో ఉన్నాయి. వాదం ఇదీ. ఇందులో ఏ ముక్కా అబద్ధం కాదు. ఈ ముక్కల్ని కలిపి తేల్చిన "ఏడైతే క్షేమం" అన్నదే తప్పు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎయిర్‌పోర్టు పక్క ఫ్యాక్టరీలో కంప్రెసర్ల మధ్య బతికేవాణ్ణి. ప్రెషర్ గేజిని చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లని చూస్తే నాకు భయం.

1. గేజి గాలిని కొలవదు

గేజిలో అంకె ఇంజన్‌లోకి ఎంత గాలి వెళ్లిందో చెప్పదు. వెళ్లలేక మానిఫోల్డులో ఎంత ఇరుక్కుందో చెబుతుంది. తోటలో నీళ్లు పట్టే గొట్టం చివర వేలు అడ్డం పెట్టి చూడండి. గొట్టం బిగుసుకుంటుంది, బకెట్టు మాత్రం నిండదు. వేలు తీస్తే గొట్టం వదులవుతుంది, బకెట్టు నిండుతుంది. ఇంజన్‌లో ఆ వేలు వాల్వులు, పోర్టులు, క్యాము, సైలెన్సరు.

ఏడు చూపిస్తున్న కారుకి పుల్లీ ముట్టుకోకుండా మంచి హెడర్లూ పెద్ద క్యామూ వేయండి. గేజి ఆరుకి దిగుతుంది. గాలి ఎక్కువ వెళుతుంది, పవర్ పెరుగుతుంది, కనెక్టింగ్ రాడ్డు మీద బరువు పెరుగుతుంది. తారకమంత్రం ప్రకారం చూస్తే ఆ కారు నిన్నటికంటే ఇవాళ ఒక పీఎస్‌ఐ సేఫ్! ప్రమాదం పెరుగుతుంటే తగ్గే అంకెతో ప్రమాదాన్ని కొలుస్తామంటే ఎలా?

ఏ సూపర్‌చార్జరు అన్న ప్రశ్న కూడా ఎవరూ వేయరు. 1860లో ఇండియానాలోని కానర్స్‌విల్ అనే ఊళ్లో రూట్స్ సోదరులు పేటెంట్ తీసుకున్న బ్లోయరుకి అప్పట్లో కార్లతో సంబంధం లేదు; కొలిమిలకీ గనులకీ గాలి ఊదడంలో పేరు తెచ్చుకుంది. ఆ జాతి బ్లోయరు ఇంజన్ 2,500 మీద తిరుగుతుండగానే ఏడు ఇచ్చేస్తుంది. సెంట్రిఫ్యూగల్ రకం అలా కాదు, వేగం పెరిగేకొద్దీ పెరుగుతుంది. 6,000 దగ్గర ఏడు ఇచ్చేది 3,000 దగ్గర రెండు కూడా ఇవ్వదు. తక్కువ వేగంలో పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది. అక్కడ నొక్కిన గాలికి తనంతట తాను భగ్గుమనడానికి తీరిక ఎక్కువ. ఈ రెండు రకాలు పెట్టించుకున్న ఇద్దరూ "నాది ఏడే" అంటారు. ఒకరు రోజుకి వందసార్లు ఆ ఏడుని తాకుతారు, ఇంకొకరు ర్యాంపు ఎక్కేటప్పుడు మూడు సెకన్లు.

2. ఏడు పగలగొట్టదు, వేడి పగలగొడుతుంది

మన వంటింట్లో కుక్కరు రోజూ పద్నాలుగు పీఎస్‌ఐ దరిదాపుల్లో విజిల్ వేస్తుంది. అలాంటిది పోతపోసిన ఇంజన్ బ్లాకు ఏడుకి పగులుతుందా? పగలదు. మామూలు ఇంజన్‌లోనే మంట అంటుకున్న క్షణంలో సిలిండర్‌లో ఒత్తిడి వెయ్యి పీఎస్‌ఐకి అటూ ఇటూగా ఉంటుంది. మానిఫోల్డులో ఏడు ఆ మంటకి ముందుమాట మాత్రమే.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్‌కి గాలి కొట్టినవాళ్లకి పంపు అడుగు ఎలా కాలుతుందో తెలుసు. మా మిస్సిసాగాలో జులై మధ్యాహ్నం 30 డిగ్రీలు అనుకుందాం. ఇంటర్‌కూలర్ లేని రూట్స్ బ్లోయరు, అరవై శాతం సామర్థ్యం, ఏడు పీఎస్‌ఐ. లెక్క కడితే సిలిండర్ గుమ్మం దగ్గర గాలి 90 డిగ్రీలు. అదే కారు, అదే ఏడు, జనవరిలో మైనస్ 15. ఇప్పుడు గుమ్మం దగ్గర 36. గేజి రెండు రోజులూ ఒకే చోట నిలబడుతుంది.

ఈ రెండు రోజులూ రెండు రకాల చావులు. 90 డిగ్రీల గాలి ఇంకా నొక్కుడుపడి, స్పార్కు ప్లగ్గు అంటించిన మంట చేరకముందే, మూలనున్న మిశ్రమం తనంతట తానే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటాం. చెవికి ఇనప డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంటుంది. అయితే నెత్తిన సూపర్‌చార్జరు ఈల వేస్తుంటే ఆ రాళ్ల చప్పుడు ఎవరికి వినపడుతుంది? చలిలో సంగతి వేరు. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అదే ఏడు దగ్గర జులై కంటే 17 శాతం ఎక్కువ గాలి లోపలికి పోతుంది. దానికి తగ్గ పెట్రోలు ఇంజెక్టర్లు ఇవ్వగలవా? ఇవ్వలేకపోతే మిశ్రమం పలచబడుతుంది, మంట వేడెక్కుతుంది, చివరికి మళ్లీ నాకింగే. వేసవికీ చలికీ మధ్య యాభై డిగ్రీల తేడా ఉండే ఊళ్లో కూర్చుని, ఏడాది పొడుగునా ఒకే అంకె క్షేమం అనడానికి గుండె ధైర్యం ఉండాలి.

వేడి చేసే ఇంకో పని ఉంది. పిస్టన్ రింగుకి రెండు కొనల మధ్య సన్నటి సందు వదులుతారు. ఆ సందు బూస్ట్ లేని ఇంజన్ వేడికి లెక్కగట్టి వదిలింది. వేడి పెరిగితే రింగు సాగుతుంది, కొనలు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి, ఇక చోటులేక పిస్టన్ గట్టునే లేపుకుపోతుంది. స్టాక్ ఇంజన్ అంటే స్టాక్ రింగు సందు కూడా. ఏడు పీఎస్‌ఐ మంత్రంలో ఈ సందు మాట ఎక్కడా లేదు.

పెట్రోలు దగ్గర ఇంకో తికమక. హైదరాబాద్‌లో ఉన్న బావమరిది ఫోన్‌లో సలహా ఇస్తాడు: "95 పోయించు బావా." అక్కడి 95, ఇక్కడి 95 ఒకటి కావు. ఇండియాలో పంపు మీద రాసేది ఒక పద్ధతి లెక్క, కెనడాలో రాసేది రెండు పద్ధతుల సగటు. అక్కడి 95 ఇక్కడి 91కి కాస్త అటూ ఇటూ. అక్కడి 91 ఇక్కడి 87 లాంటిది. అంకెలకి పక్కన కొలత ఏమిటో చూడకపోతే వచ్చే తిప్పలు పెట్రోలు పంపు దగ్గరే మొదలవుతాయి.

3. ఏడు, ఎనిమిది పెట్టాలనుకున్న కంపెనీలు ఏం చేశాయి?

ఈ వాదానికి అసలు దెబ్బ ఇక్కడుంది. స్టాక్ ఇంజన్ ఏడెనిమిది ఓర్చుకుంటుందని మనకంటే బాగా తెలియాల్సింది ఆ ఇంజన్ కట్టినవాళ్లకి. మరి వాళ్లు తమ ఇంజన్‌కే సూపర్‌చార్జరు పెట్టినప్పుడు ఊరుకున్నారా?

ఫోర్డ్ 2001 మస్టాంగ్ కోబ్రాలో 4.6 లీటర్ల ఇంజన్: అల్యూమినియం బ్లాకు, కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్క) 9.85, 320 హార్స్‌పవర్. 2003లో దానికే ఈటన్ సూపర్‌చార్జరు పెట్టి ఎనిమిది పీఎస్‌ఐతో 390 హార్స్‌పవర్ ఇప్పించారు. ఆ ఎనిమిది కోసం అల్యూమినియం బ్లాకు తీసేసి ఇనుముది పెట్టారు. పిస్టన్లు ఫోర్జ్‌డ్‌వి వేశారు. కనెక్టింగ్ రాడ్లు కూడా ఫోర్జ్‌డ్‌వే, మ్యాన్లీవి. కంప్రెషన్ 8.5కి దించారు. నీళ్లతో చల్లబరిచే ఇంటర్‌కూలర్ అమర్చారు. వారంటీ ఇచ్చి అమ్మాల్సినవాడు ఎనిమిదికి ఇంత చేశాడు. వారంటీ ఇవ్వనివాడు ఏడుకి ఏమీ అక్కర్లేదంటున్నాడు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే గంట దూరంలో ఆషవా ఉంది. అక్కడ తయారైన బ్యూక్ రీగల్ జీఎస్‌లో జీఎం 3.8 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ ఇంజన్ ఉండేది. సూపర్‌చార్జరు లేని తోబుట్టువుకి కంప్రెషన్ 9.4, దీనికి 8.5. పైగా ఖరీదైన పెట్రోలు పోయమన్నారు. ముసలివాళ్లు తోలుకునే బ్యూక్‌కే ఇంత జాగ్రత్త.

"మరి లోటస్ ఎగ్జీజ్ ఎస్ సంగతేంటి?" అని అడిగే తెలివైనవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్న. టొయోటా 1.8 లీటర్ల ఇంజన్‌ని 11.5 కంప్రెషన్‌తో అలాగే ఉంచి, ఏడు పీఎస్‌ఐ దగ్గర 2006లో 218 హార్స్‌పవర్ ఇచ్చారు. ఒప్పుకుంటాను. అయితే ఇంటర్‌కూలర్ పెట్టి, ఇంజెక్టర్లు మార్చి, ఇంజన్ మెదడు, అంటే దాని కంప్యూటర్, మొత్తం తిరగరాసి ఇచ్చారు. అంతకంటే పెద్ద ఉదాహరణ నేనే ఇస్తాను. అలిస్టన్‌లో తయారైన పదో తరం సివిక్‌లో 1.5 టర్బో 10.6 కంప్రెషన్ మీద 16.5 పీఎస్‌ఐ దాకా ఎక్కుతుంది. ఎనిమిది దాటితే ప్రమాదం అన్నది నిజమైతే ఈపాటికి 401 హైవే అంతా పొగ కమ్ముకుని ఉండాలి. పిస్టన్ అడుగున నూనె చిమ్మే జెట్లు, లోపల సోడియం నింపిన ఎగ్జాస్ట్ వాల్వులు, సిలిండర్‌లోకే నేరుగా పెట్రోలు కొట్టే ఏర్పాటు ఉన్నాయి కాబట్టి ఓర్చుకుంటోంది. ఒకచోట పదహారు మామూలు, ఇంకోచోట ఎనిమిదికి ఇంజనే మార్చాలి. అలాంటప్పుడు ఏ ఇంజన్‌కైనా ఏడు అన్న మాటకి అర్థం ఏముంది?

4. నా ఎనిమిదో సిలిండరు

నేనూ ఒకప్పుడు ఈ మంత్రం జపించినవాణ్ణే. 2002 మస్టాంగ్ జీటీ, 260 హార్స్‌పవర్, మంచి ఎరుపు. నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి తొక్కించి, పసుపు బొట్టు పెట్టించిన బండి. ఒక షాపులో సెంట్రిఫ్యూగల్ కిట్ పెట్టించాను. పేరు ఎందుకులెండి. ఏడు పీఎస్‌ఐ. ఆగస్టులో పవర్ కొలిచే డైనో మీద ట్యూన్ చేసి కాగితం చేతిలో పెట్టారు. గ్రాఫు అందంగా ఉంది, ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించుకున్నాను.

చలికాలం బండి గరాజ్‌లో పడుకుంది. మార్చి చివర, రోడ్డు మీద ఉప్పు కడుక్కుపోయిందని, ఒక ఆదివారం పొద్దున బయటికి తీశాను. మైనస్ ఆరు. ఎరిన్ మిల్స్ దగ్గర 403 ఎక్కే ర్యాంపులో కాలు మోపాను. గేజి ఏడు దగ్గర బుద్ధిగా నిలబడింది. మూడో గేరులో చిన్న తడబాటు, ఎక్కిళ్లు వచ్చినట్టు. అద్దంలో చూస్తే వెనకంతా నీలం పొగ.

ఇంటికొచ్చి ప్లగ్గులు విప్పాను. ఏడు ప్లగ్గులు లేత గోధుమ రంగులో ముచ్చటగా ఉన్నాయి. వెనక మూలనున్న ఎనిమిదో దాన్ని టార్చి వేసి చూస్తే, తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. వాటి మధ్య ఆవగింజలో పదోవంతు కూడా లేని మెరిసే గుళికలు. ఆ మెరుపు నా పిస్టనే. కరిగి, ఎగిరి, ప్లగ్గుకి అంటుకుంది. హెడ్డు దించాక చూస్తే పైరింగు గట్టు మీద గోరంత ముక్క ఊడి సిలిండర్ గోడని గీసుకుంటూ పోయింది. మా ఊళ్లో లారీ మెకానిక్ ఒక్క మాటలో తేల్చేవాడు, "బోరుకొచ్చింది" అని.

తర్వాత లాగు, అంటే ట్యూన్ చేసినప్పుడు కంప్యూటర్ రాసుకున్న లెక్కలు, చూశాను. ఆగస్టులోనే ఇంజెక్టర్లు 95 శాతం తెరుచుకుని ఉన్నాయి. అంటే ముప్ఫై డిగ్రీల ఎండలోనే ఇంకిచ్చే పెట్రోలు లేదు. మార్చి చలిలో 13 శాతం ఎక్కువ గాలి వచ్చేసరికి చేతులెత్తేశాయి. ఆ లాగు షాపువాళ్ల కంప్యూటర్లో ఆగస్టు నుంచీ ఉంది. నాకు ఇచ్చిన కాగితం మీద మాత్రం రెండే అంకెలున్నాయి: హార్స్‌పవర్, బూస్ట్.

మానిఫోల్డు గేజి ఎనిమిది సిలిండర్ల సగటు కూడా చెప్పదు, ఎనిమిదింటి గుమ్మం దగ్గర పరిస్థితి చెబుతుంది. ఇంజన్ సగటున పోదు. ఒక్కచోట పోతుంది. ఈ ఊరికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. 1979 నవంబర్ 10 రాత్రి మేవిస్ రోడ్డు దగ్గర 106 బోగీల గూడ్సు బండి పట్టాలు తప్పింది. క్లోరిన్, ప్రొపేన్ ట్యాంకర్లు. రెండు లక్షలమందికి పైగా జనాన్ని ఊరు దాటించారు. మూలం ఒక్క ఇరుసు దగ్గర నూనె అందక వేడెక్కిన బేరింగు. మిగతా బోగీల బేరింగులన్నీ చల్లగానే ఉండి ఉంటాయి.

5. "కంపెనీ జాగా వదిలింది కదా"

వదిలింది. హైదరాబాద్‌లో ఇల్లు కట్టేటప్పుడు మునిసిపాలిటీ చుట్టూ సెట్‌బ్యాక్ వదలమంటుంది. అందులో అద్దెకి ఒక గది వేసినవాళ్లు ఎందరో. గది కట్టినందుకు ఇల్లు కూలదు. అగ్గిపుట్టి ఫైరింజన్ వచ్చిన రోజు తెలుస్తుంది ఆ జాగా దేనికో.

ఇంజన్‌లో వదిలిన జాగా కూడా ఖాళీగా లేదు. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన రింగులకి, కాటేజీకి ట్రైలరు లాక్కెళ్లే ఆగస్టు మధ్యాహ్నానికి, పొరపాటున పోసిన 87 పెట్రోలుకి, మసిపట్టిన సెన్సర్‌కి అది ఎప్పుడో రాసిచ్చేశారు. దాన్ని బూస్ట్‌కి వాడుకుంటే మిగతావాటికి లేదు. అయినా వాడుకోదలిస్తే వాడుకోండి, మీ కారు. ఖాళీ జాగా అని మాత్రం అనకండి.

ఇక ఇంజన్ మెదడు సంగతి. చాలా పాత కార్లలో మానిఫోల్డు సెన్సర్ బయటి గాలి ఒత్తిడి దాకా కొలిచి ఆగిపోతుంది. బూస్ట్ మొదలయ్యాక అది కళ్లు మూసుకున్నట్టే. మూడైనా ఏడైనా దానికి ఒకటే. ఆ గుడ్డిదానికి మించి పెట్రోలు ఎంత పోయాలో, స్పార్కు ఎంత వెనక్కి లాగాలో వేరే ఎవరో చెప్పాలి. చెప్పకపోతే జాగా ఎంతున్నా దండగ.

6. "వాడికి మూడేళ్లుగా ఏం కాలేదు"

హెల్మెట్ లేకుండా ముప్ఫై ఏళ్లు స్కూటర్ నడిపిన బాబాయి మా ఇంట్లోనూ ఉన్నాడు. పేలిపోయిన ఇంజన్‌వాళ్లు పార్కింగ్‌లో బానెట్ ఎత్తి చూపించరు. నేను కూడా ఎవరికీ చెప్పకుండా బండి టో చేయించాను. నడుస్తున్నవాళ్ల మాటలే వినపడే చోట నడవనివాళ్ల లెక్క ఎలా తెలుస్తుంది?

కిట్ అమ్మేవాళ్ల మాట కూడా ఇక్కడే. వాళ్లు ఏడు అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోరు. ఏ మోడల్‌కి, ఏ పెట్రోలుతో, ఏ ఇంజెక్టర్లతో, ఏ ట్యూన్‌తో అన్నది పెట్టెలోని పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్ద అక్షరాల్లో ఉన్న ఏడు మాత్రం పార్కింగ్ దాకా వచ్చింది. తప్పు రాసినవాళ్లది కాదు, సగం చదివినవాళ్లది.

7. ఇంజన్ ఒక్కటే పోదు

ఒంటారియోలో పొగ కొలిచే డ్రైవ్ క్లీన్ పరీక్ష మామూలు కార్లకి 2019 ఏప్రిల్ 1తో ఎత్తేశారు కాబట్టి అడిగేవాడు లేడంటారు. పరీక్ష పోయింది, పొగ కట్టడి సామాను పీకేయకూడదన్న చట్టం పోలేదు. ఇన్సూరెన్స్ మాట ఇంకా చేదు. కారులో ఇలాంటి మార్పు చేసినప్పుడు కంపెనీకి చెప్పాల్సిన బాధ్యత ఒంటారియో పాలసీలోనే ఉంది. చెప్తే ప్రీమియం పెరుగుతుందని, లేదా పాలసీయే ఇవ్వరని, చాలామంది చెప్పరు. ఆ తర్వాత ఒకరోజు ఎవరికో దెబ్బ తగులుతుంది. అప్పుడు మీ ఏడు పీఎస్‌ఐ లాయరు చేతిలో ఉంటుంది. 2021 నుంచి లిమిట్ 80 కంటే తక్కువున్న రోడ్డు మీద 40 ఎక్కువ పోయినా స్టంట్ డ్రైవింగే. అక్కడికక్కడే ముప్ఫై రోజులు లైసెన్సు, పద్నాలుగు రోజులు కారు పోతాయి. సూపర్‌చార్జరు పెట్టించుకున్నవాడు హురొంటారియో స్ట్రీట్ మీద అరవైలో వెళతాడని నేను నమ్మను. నేను వెళ్లలేదు.

కాబట్టి నేను చెప్పే అంకె వేరు. ట్యూన్ లేని, లాగు చూడని స్టాక్ ఇంజన్‌కి క్షేమమైన బూస్ట్ సున్నా. ఆరు కాదు, నాలుగు కాదు. కంప్రెషన్ ఎంత, పూర్తి బూస్ట్‌లో గాలి ఎన్ని డిగ్రీలు, మిశ్రమం ఎంత, స్పార్కు ఎక్కడ, ఇంజెక్టర్లు ఎంత శాతం, ఎండలో ఒకటీ చలిలో ఒకటీ రెండు లాగులు. ఇవి చేతిలో ఉన్నవాడు పది పెట్టుకున్నా నేను అడ్డం రాను. ఇవి లేనివాడు మూడు పెట్టినా జూదమే.

మొన్న పాట్‌లక్‌లో ఒక కుర్రాడు, చదువుకి వచ్చి ఉద్యోగంలో చేరినవాడు, పక్కకి పిలిచి అడిగాడు: "అన్నా, నా బండికి కిట్ బేరం కుదిరింది. ఏడంట. పెట్టించేయనా?"

"ఇంజెక్టర్లు ఎంత శాతం దగ్గర ఉంటాయో అడిగావా తమ్ముడూ?"

అడగలేదన్నాడు. అక్కడే షాపుకి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. నేను చెప్పిన ప్రశ్నే ఇంగ్లీషులో అడిగాడు. అవతలివైపు రెంచి కింద పెట్టిన చప్పుడు, తర్వాత చిన్న నవ్వు.

అదంతా ఎందుకు, పెట్టేది ఏడేగా అన్నాడు.